మన ఫిల్మ్ సొసైటీ వార్షిక నివేదిక: టర్కీ సినిమాలతో ఒక ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

టర్కీలో ఉంటూ టర్కులు కాని వాళ్ల కథలు, అంటే సొంతంగా కుర్దిష్ భాష ఉన్న కుర్దులవీ, గ్రీకు మూలాలున్న వాళ్లవీ చూద్దామని పోయినేడు అనుకున్నాం కదా, అలాగే నాలుగు సినిమాలు వేశాం, ప్రతి సినిమా తర్వాత కాస్త ఫిలాసఫీ కూడా చదువుకున్నాం.

అన్నిటికంటే ఎక్కువ మాట్లాడుకున్నది యెషిమ్ ఉస్తావోలు 1999లో తీసిన 'జర్నీ టు ద సన్' గురించి. మెహ్మెత్‌ది (ఇతనే హీరో) టర్కీలో పశ్చిమాన తిరె అనే ఊరు, కుర్దు కాదు, మనిషి కాస్త నలుపు అంతే. ఇస్తాంబుల్లో నేల కింద నీళ్ల పైపులు ఎక్కడ లీకవుతున్నాయో విని కనిపెట్టడం అతని పని. మినీబస్సులో పక్కనోడు వదిలేసిపోయిన సంచిలో తుపాకీ దొరుకుతుంది, ఇతని దగ్గరేమో కుర్దు ఫ్రెండు బెర్జాన్ ఇచ్చిన కుర్దు పాటల క్యాసెట్టు ఉంటుంది, ఇంకేముంది, పోలీసులు ఇతన్నీ కుర్దు అనుకుని తీసుకెళ్లి కొడతారు, బయటికొచ్చేసరికి తలుపు మీద ఎర్ర ఇంటూ గుర్తు, ఉద్యోగం పోయింది, ఉండే చోటూ పోయింది.

పక్కవాళ్లు ఎవర్ని యూదుడు అనుకుంటే వాడే యూదుడు అని ఫ్రెంచ్ ఫిలాసఫర్ సార్త్ర్ 1946లో వాదించాడు, మెహ్మెత్‌కి జరిగింది అచ్చం అదే. కానీ ఒక సభ్యుడు గట్టిగా అడ్డం తిరిగాడు: బెర్జాన్‌కి సొంత ఊరుంది, పాటుంది, భాషుంది, అదంతా ఎవరో అంటించిన లేబులా? ఆయన అన్నదే కరెక్టని నాకనిపిస్తుంది. చివర్లో బెర్జాన్ శవాన్ని సొంతూరు జోర్దుచ్‌కి తీసుకెళ్తూ, మీదేవూరు అని అడిగితే మెహ్మెత్ జోర్దుచ్ అనే చెప్తాడు, ఇక్కడ ఆ పేరు ఎవరూ అంటించలేదు, తనే తీసుకున్నాడు. తీరా వెళ్తే ఊరు నీళ్లలో మునిగుంది. శ్రీశైలం ముంపులో ఊరు పోయిన కుటుంబం నుంచి వచ్చిన మన సభ్యురాలు ఆ సీన్ అయ్యాక చాలాసేపు మాట్లాడలేదు, మేమూ అడగలేదు.

అదే డైరెక్టర్ 2004 సినిమా 'వెయిటింగ్ ఫర్ ద క్లౌడ్స్'లో ఎలెని అనే గ్రీకు పిల్ల తనెవరో దాచుకుని ఆయిషె అనే టర్కిష్ పేరుతో యాభై ఏళ్లు బతికేస్తుంది. దీనికి టైమ్ సరిపోలేదు, మళ్లీ వెయ్యాలి.

హందాన్ ఇపెక్చి 'హెజార్' (2001)లో రిటైర్డ్ జడ్జి ఇంటికి చేరిన కుర్దు పాప టర్కిష్‌లో మాట్లాడదు, ఆయన కుర్దిష్ వద్దంటాడు, చివరికి తనే నాలుగు కుర్దు ముక్కలు నేర్చుకుంటాడు. ఎదుటి మనిషి ముఖమే మనల్ని బాధ్యతకి పిలుస్తుందని ఫ్రెంచ్ ఫిలాసఫర్ లెవినాస్ అన్నది ఇక్కడ చదివాం, బానే అతికింది, కానీ పెద్దోడైన కుర్దు తలుపు కొడితే జడ్జిగారు తీసేవాడా అన్నదానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. 2002లో ఈ సినిమాని అక్కడ బ్యాన్ చేశారు కూడా.

'రెండు భాషలు ఒక సూట్‌కేసు' (2008) డాక్యుమెంటరీ. పశ్చిమ టర్కీలోని దెనిజ్లి నుంచి వచ్చిన కుర్ర టీచరు, టర్కిష్ రాని కుర్దు పిల్లలు, ఒక స్కూలు ఏడాది. ఆదిలాబాద్ వైపు గోండు పిల్లలకి తెలుగులో పాఠాలు చెప్పే మన మాస్టారు, మొదటి నెల్లో నేనూ ఆ టీచర్‌లాగే పిల్లలకి ఏమీ రాదనుకున్నా అన్నారు.

తెలుగు సబ్‌టైటిల్స్ మనవాళ్లే రాశారు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో టర్కిష్, కుర్దిష్ రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఎవరు ఏ భాషలోకి మారారో చూసేవాళ్లకి తెలీదు, అసలు కథంతా అక్కడే ఉంటే. అందుకని కుర్దు మాటలకి పసుపు రంగు పెట్టాం, దీనికే రెండు నెలలు పట్టింది.

వచ్చే ఏడాది ఓజ్‌జాన్ ఆల్పెర్ 'సోన్‌బహార్'తో మొదలు. అందులో హెమ్షిన్ భాష (నల్ల సముద్రం వైపు కొందరు మాట్లాడే ఆర్మీనియన్ యాస) కూడా వినిపిస్తుంది, దానికింకో రంగు కావాలి, సబ్‌టైటిల్స్‌కి సాయం చేయగలిగేవాళ్లు ముందే చెప్పండి. జమాఖర్చుల కాగితం విడిగా పంపిస్తున్నాం.