యార్డులు ఒక్కటే చూసి రన్నింగ్ బ్యాక్‌ని అంచనా వేయకండి

సంపాదకులకు నమస్కారం.

ప్రవాస తెలుగువారి కోసం మీరు వేసే పేజీలో ఈమధ్య అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ రన్నింగ్ బ్యాక్‌ల (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాళ్ల) మీద ఒక వార్త వచ్చింది. ఎవరు ఎక్కువ యార్డులు పరిగెత్తితే వాళ్లకే ఎన్ఎఫ్ఎల్‌లో, అంటే ప్రొఫెషనల్ లీగ్‌లో, భవిష్యత్తు ఉంటుందన్నట్టు రాశారు. ఇది సరైన లెక్క కాదు. ఇక్కడ ఫ్రిస్కోలో మన పిల్లలు కూడా ఈ ఆట వైపు చూస్తున్నారు, వాళ్ల అమ్మానాన్నలు మీ పేపరు చదువుతారు. అందుకే రాస్తున్నాను.

మా ఊళ్లోని లోన్ స్టార్ హైస్కూల్లో ఆడిన ఆష్టన్ జెంటీనే తీసుకోండి. 2024లో బాయిసీ స్టేట్ తరఫున 374 సార్లు బంతి పట్టుకుని పరిగెత్తి 2,601 యార్డులు సాధించాడు. కాలేజీలో ఒక సీజన్‌కి 1988లో బ్యారీ శాండర్స్ పెట్టిన 2,628 యార్డుల రికార్డుకు 27 యార్డుల దూరంలో ఆగాడు. అయితే శాండర్స్ లెక్క 11 మ్యాచ్‌లది, జెంటీది 14 మ్యాచ్‌లది. అప్పట్లో సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్ యార్డులు కలిపేవారు కాదు. ఈ ముక్క రాయకుండా అంకె ఒక్కటే ఇస్తే పాఠకుడికి ఏం తెలుస్తుంది?

ఆ సీజన్ మొదటి మ్యాచ్‌లో జార్జియా సదరన్ మీద జెంటీ 267 యార్డులు, 6 టచ్‌డౌన్లు కొట్టాడు. అందరూ దాని గురించే మాట్లాడతారు. నా దృష్టిలో చూడాల్సింది చివరి మ్యాచ్. ఫియెస్టా బౌల్‌లో పెన్ స్టేట్ మీద 30 సార్లు పరిగెత్తితే వచ్చినవి 104 యార్డులే. ఒక్కో పరుగుకు సీజన్ సగటు 7 యార్డులైతే ఆ రోజు మూడున్నర. ఎన్ఎఫ్ఎల్‌లో చాలా ఆదివారాలు ఇలాగే గడుస్తాయి. ముందు దారి ఉండదు, మొదటివాడు తగిలాక కూడా పడిపోకుండా రెండడుగులు ముందుకు తోసుకుపోవాలి. జెంటీకి ఆ బలం ఉంది. ఆ ఏడాది అతని యార్డుల్లో ఎక్కువ భాగం డిఫెండర్ తగిలిన తర్వాత వచ్చినవే. కాలేజీ ఆటగాళ్లను ఎన్ఎఫ్ఎల్ టీమ్‌లు వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2025లో రైడర్స్ టీమ్ అతన్ని 6వ ఎంపికగా తీసుకుంది. నా వరకు దానికి సరైన కారణం ఇదే.

ట్రెంట్ రిచర్డ్‌సన్ సంగతి గుర్తుందా? అలబామాలో 2011లో 1,679 యార్డులు. 2012లో బ్రౌన్స్ టీమ్ 3వ ఎంపికగా తీసుకుంది, రెండో సీజన్ మొదట్లోనే కోల్ట్స్ టీమ్‌కి ఇచ్చేసింది. ఎన్ఎఫ్ఎల్‌లో అతని మొత్తం సగటు పరుగుకు 3.3 యార్డులే. కాలేజీలో ముందున్న లైన్ (అడ్డొచ్చేవాళ్లను తోసే సొంత ఆటగాళ్ల వరస) ఎంత పెద్ద సందు చేసి పెట్టిందో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇంకొకటి, బంతి చేతిలో లేనప్పుడు చేసే పని. ఆట మొదలయ్యే ముందే ఎటునుంచి ఎవడు దూసుకొస్తాడో రన్నింగ్ బ్యాక్ పసిగట్టాలి. బంతి విసిరే ఆటగాడు క్వార్టర్‌బ్యాక్ దాన్ని విసిరేలోపు అడ్డంగా ఒక అడుగు వేసి, దూసుకొచ్చే ఎదుటి టీమ్ లైన్‌బ్యాకర్‌ని, తనకన్నా బరువైనవాణ్ని, ఛాతీతో ఆపాలి. ఒక్కసారి తప్పి క్వార్టర్‌బ్యాక్‌కి దెబ్బ తగిలితే టీమ్‌కి సీజన్ పోయినంత పని. ఇది చేతకానివాడు ఎంత వేగంగా పరిగెత్తినా ఎక్కువగా బంతి విసిరే థర్డ్ డౌన్ (మూడో ప్రయత్నం) వచ్చేసరికి బెంచీ మీదే. ఈ పనికి స్కోరు పట్టికలో గడి లేదు కాబట్టి వార్తల్లోకీ రాదు.

వేగం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నెమ్మది అని పేరుపడ్డ ఎమిట్ స్మిత్ 1990లో 17వ ఎంపికగా వెళ్లి, 18,355 యార్డులతో ఎన్ఎఫ్ఎల్‌లోనే అందరికన్నా పైన నిలిచాడు.

నాకు నిజంగా బాధ కలిగించేది శరీరం లెక్క. స్టాన్‌ఫర్డ్‌లో బ్రైస్ లవ్ 2017లో 2,118 యార్డులు పరిగెత్తి హైస్మన్ (కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు) ఓటింగులో రెండో స్థానంలో నిలిచాడు. డ్రాఫ్ట్‌కి వెళ్లకుండా ఇంకో ఏడాది కాలేజీలోనే ఆడాడు, చివర్లో మోకాలు దెబ్బతింది. 2019లో వాషింగ్టన్ టీమ్ డ్రాఫ్ట్ నాలుగో రౌండ్లో తీసుకున్నా, రెగ్యులర్ సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. హైస్కూల్ అయ్యాక మూడేళ్లు గడిస్తేగానీ ఎన్ఎఫ్ఎల్‌లోకి రానివ్వరు. కాలేజీ రన్నింగ్ బ్యాక్ మారిస్ క్లారెట్ ఈ నిబంధన మీద కోర్టుకెళ్తే 2004లో అప్పీల్ కోర్టు ఎన్ఎఫ్ఎల్ పక్షానే తీర్పిచ్చింది. డ్రాఫ్టయినవాడి మొదటి కాంట్రాక్టు నాలుగేళ్లు. అది ముగిసేసరికి పాతికేళ్లు దాటతాయి, అప్పుడు టీమ్‌లే "కాళ్లు అరిగిపోయాయి" అంటాయి. ఆ కాళ్లు కాలేజీలో ఎన్ని వందల పరుగులు మోశాయో మాత్రం ముందు ఎవరూ అడగరు. మిగతా స్థానాల సంగతెలా ఉన్నా, రన్నింగ్ బ్యాక్‌లకైనా ఆ మూడేళ్ల నిబంధన సడలించాలని నా అభిప్రాయం.

వచ్చే ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ ముందు మీరు మళ్లీ ఇలాంటి జాబితా వేస్తారు. అందులో యార్డుల పక్కనే ఎన్నిసార్లు పరిగెత్తాడు, ఎన్ని పాస్‌లు అందుకున్నాడు, ఏయే గాయాలయ్యాయి, గట్టి టీమ్‌ల మీద ఎలా ఆడాడు అన్నవి కూడా వేయండి. చోటు చాలకపోతే ఫొటో చిన్నది చేయండి.

- ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్