వంగిన షాఫ్టును ఇక సాపు చేసి బిగించం

నమస్కారమండి. మా షాపులో రిమోట్‌తో ఎగరేసే మోడల్ హెలికాప్టర్లు రిపేరు చేయించుకున్నవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. తప్పు నాది, అందుకే ముందు నేనే చెబుతున్నాను.

రెండు నెలలుగా 450 అనే సైజు హెలికాప్టర్లకు ఫెదరింగ్ షాఫ్టులు మాకు సరిగ్గా దొరకడం లేదు. పైన బ్లేడ్లను పట్టి తిప్పే రోటర్ హెడ్‌లో అడ్డంగా ఉండి, రెండు బ్లేడ్ల గ్రిప్పులనూ పట్టుకునే సన్నటి ఉక్కు కడ్డీ అది. బ్లేడు నేలకు తగిలినా, చెట్టు కొమ్మకు తగిలినా ముందు వంగేది అదే. "ఆదివారానికల్లా కావాలండీ" అని ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటే మొహమాటానికి పోయి, ఐదు హెలికాప్టర్లకు వంగిన షాఫ్టునే వైస్‌లో పెట్టి సాపు చేసి బిగించాను. కొత్తది వేశానని బిల్లులో రాయలేదు, దానికి డబ్బూ తీసుకోలేదు. అయినా ఆ పని చేయకుండా ఉండాల్సింది.

వాటిలో ఒకటి వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది. లేపగానే వెనక భాగమంతా వణికిపోతోందట. విప్పి షాఫ్టును అద్దం మీద దొర్లించాను. మా బల్ల మీద పాత డ్రెస్సింగ్ టేబుల్ అద్దం ముక్క ఒకటుంటుంది. షాపులో ఎన్ని పనిముట్లున్నా నేను ఎక్కువగా నమ్మేది దాన్నే. తిన్నగా ఉన్న కడ్డీ దాని మీద జారిపోయినట్టు దొర్లుతుంది. ఇది దొర్లుతుంటే టక్ టక్‌మని చప్పుడు, కింద ట్యూబ్‌లైట్ వెలుగు గీతలా కనిపించి మాయమవుతోంది. సరిగ్గా నేను సాపు చేసిన చోటే మళ్లీ వంగింది.

రోటర్ నిమిషానికి 2500 చుట్లు తిరిగేటప్పుడు, 30 గ్రాములకు అటూ ఇటూగా ఉండే ఒక్కో బ్లేడు 30 కిలోలకు పైగా బలంతో బయటికి గుంజుతుంది. ఆ గుంజుడంతా ఈ కడ్డీ, దాని చివర్లలోని రెండు చిన్న బోల్టులే కాయాలి. ఒకసారి వంగి సాపు అయిన ఉక్కు మీద అంత భారం పెట్టకూడదు. ఈ లెక్క నాకు తెలియక కాదు, తొందరపడ్డాను.

ఇకపై ఫెదరింగ్ షాఫ్టు గానీ రోటర్‌ను తిప్పే నిలువు కడ్డీ, అంటే మెయిన్ షాఫ్టు గానీ వంగితే కొత్తదే వేస్తాం. స్టాకు లేకపోతే రెండు మూడు వారాలు ఆగాల్సి వస్తుంది, కోప్పడకండి. హెడ్ విప్పినప్పుడు బేరింగులు కూడా చూస్తాం, వేలితో తిప్పితే గరగరలాడేది మారుస్తాం. ఈ పని పెరిగింది కాబట్టి లేబరు 600 నుంచి 750 చేశాం. ఇంట్లో ఎగరేసే బుల్లి హెలికాప్టర్లకు మాత్రం రిపేరు కన్నా కొత్తది కొనడమే చవకైతే, ఆ మాటే చెప్పి పంపిస్తాం.

మీ వైపు నుంచి ఒక్క సాయం చేయండి. పడిపోతోందని తెలియగానే రిమోట్ మీద మోటార్‌ను ఆపేసే స్విచ్, అదే థ్రాటిల్ హోల్డ్, వేసేయండి. మా దగ్గరికి వచ్చే మెయిన్ గేర్లలో చాలావాటి పళ్లు అరిగేది పడ్డప్పుడు కాదు, పడ్డాక మోటార్ ఇంకా గింజుకుంటూ ఉండటం వల్ల. దెబ్బ తగిలి ఉబ్బిన లైపో బ్యాటరీని చార్జింగ్‌కు పెట్టకండి, హెలికాప్టర్‌తో పాటు మాకు పంపనూ వద్దు.

ఆ ఐదింటికీ కొత్త షాఫ్టు, లేబరుతో సహా ఉచితం. వెనక్కి వచ్చినదానికి వేసేశాం. మిగతా నలుగురిలో ముగ్గురితో మాట్లాడాను. ఒక్కరి నంబరు మాత్రం కలవడం లేదు. ఆ హెలికాప్టర్‌కు ఎర్ర కానోపీ (ముందు తొడుగు), బెల్టుతో తిరిగే తోక రోటర్, ఎడమ స్కిడ్‌కు (నేల మీద ఆనే కాలికి) నల్ల టేపు చుట్టి ఉంటుంది. అది మీదే అయితే దయచేసి ఎగరేయకండి, షాపుకు తీసుకురండి.