పెట్టె ముందు మంచు

మిషిగన్,
2026 ఫిబ్రవరి 8, ఆదివారం.

నాన్నా,

నువ్వూ అమ్మా బాగున్నారని తలుస్తాను. మేం ముగ్గురం క్షేమం. ఈ సంగతి ఫోన్లో చెబితే అమ్మ "పరాయి దేశంలో తగువులెందుకే" అని అక్కడే ఆపేస్తుంది. నీకు మాత్రం మొత్తం చెప్పాలి. మా వీధికొచ్చే పోస్ట్‌మ్యాన్‌తో నాకు మాటామాటా అయింది.

మా కాలనీలో ఉత్తరాలు గుమ్మం దాకా తెచ్చివ్వరు. ప్రతి ఇంటి ముందూ రోడ్డు వార ఒక గుంజ, దాని మీద రేకు పెట్టె. అది రోడ్డు నుంచి 41 నుంచి 45 అంగుళాల ఎత్తులో, రోడ్డంచుకి 6 నుంచి 8 అంగుళాలు వెనక్కి ఉండాలట. ఆ కొలతలెందుకంటే అతను బండి దిగడు. ఇక్కడ కార్లన్నిటికీ స్టీరింగు ఎడమపక్కనుంటే ఆ టపా బండికి మాత్రం మనకిలా కుడిపక్కన. పెట్టె పక్కన ఆపి, చెయ్యి చాపి ఉత్తరాలు లోపల పెట్టి ముందుకెళ్ళిపోతాడు. మనం పంపేవి ఉంటే అందులోనే పెట్టి, పక్కనున్న చిన్న ఎర్రజెండా లేపితే పట్టుకెళ్తాడు. నువ్వు చూస్తే ముచ్చటపడతావు.

జనవరి చివర్లో వరసగా మంచు పడింది. మీ అల్లుడు కారు బయటికొచ్చేంత మేర దారి చేసుకుని ఆఫీసుకెళ్ళారు. తర్వాత మంచు తోసే బండి వచ్చి, రోడ్డు మీదదంతా మా పెట్టె ముందు మోకాలెత్తు గట్టులా పోసిపోయింది. రాత్రికల్లా అది రాయైంది. పెట్టె ముందు మంచు ఎవరింటిది వాళ్ళే తీసుకోవాలట. కిందటేడు దాకా అపార్టుమెంటులో ఉన్నాం కదా, నాకు తెలీదు.

ఇక్కడ పేరు నమోదు చేసుకుంటే, ఆ రోజు రాబోయే కవర్ల ఫొటోలు పొద్దున్నే ఈమెయిల్లో వస్తాయి. ఆ జనవరి చివరి వారంలోనే, మంగళవారం నాటి ఫొటోలో సర్కారు నుంచి నా పేరున ఒక కవరు కనబడింది. ఉద్యోగం చేసుకోనివ్వమని పెట్టుకున్న అర్జీ తాలూకుది. ఏడు నెలలుగా దానికోసమే ఎదురుచూస్తున్నాను. కవరు కనబడుతోంది, లోపల ఏముందో తెలీదు, పెట్టె చూస్తే ఖాళీ. బుధవారం ఖాళీ. గురువారం ఖాళీ.

శుక్రవారం బండి చప్పుడు వినబడగానే ఇంట్లో చెప్పులతోనే పరిగెత్తాను. "నాలుగడుగులు నడవలేక మూడు రోజులు ఆపేస్తావా?" అని అడిగాను. అతను గట్టు చూపించి, అది తీసేస్తే రేపే ఇస్తానన్నాడు. మర్యాదగానే అన్నాడు. దాంతో నాకు ఇంకా మండింది. "మా నాన్న గోదారి వరదలో పడవ మీద లంకలోకెళ్ళి ఉత్తరాలిచ్చొచ్చాడు తెలుసా!" అనేశాను.

అతను ఇంజను ఆపేశాడు. "మీ నాన్నగారు ఎప్పుడైనా పడ్డారా?" అన్నాడు. చేతి తొడుగు లాగి మణికట్టు చూపించాడు. రెండేళ్ళ కిందట ఇలాంటి గట్టు మీదే జారాడట. లోపల ప్లేటు వేశారట.

నాకు నోట మాట రాలేదు నాన్నా. ఏటిగట్టు మీద నీ సైకిలు జారినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. అమ్మ రోజూ వావిలాకు కాపడం పెట్టేది. నెల్లాళ్ళు అన్నయ్య నీ సంచి మోశాడు. ఇప్పటికీ నువ్వు పీట మీద కూచుని అన్నం తినలేవు. 1986 వరద సంగతి మనింట్లో వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాం, నువ్వు పడ్డ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకూ గుర్తు రాలేదు, అతను అడిగేదాకా.

అయినా నా కోపం పూర్తిగా పోలేదు. మొదటిరోజే హారను కొట్టి ఒక్క మాట చెబితే అప్పుడే తీసేవాళ్ళం కదా. మీ అల్లుడు మాత్రం అతని పక్షమే.

ఆ సాయంత్రం పార పట్టుకుని నేనే పగలగొట్టాను. గంటన్నర పట్టింది, చేతులు బొబ్బలెక్కాయి. శనివారం అతను అన్నీ కలిపి రబ్బరుబ్యాండు వేసి పెట్టెలో పెట్టాడు. నా కవరు అట్టడుగున ఉంది. అర్జీ మంజూరైంది నాన్నా! ఉద్యోగానికి అనుమతి కార్డు తర్వాత వస్తుంది.

వీళ్ళు జనం దగ్గర డబ్బు పుచ్చుకోకూడదు, 20 డాలర్లు దాటని కానుకైతే తీసుకోవచ్చట. అందుకని మందపాటి చేతి తొడుగులు కొన్నాను. వారమైంది, ఇంకా బల్ల మీదే ఉన్నాయి. ఏమని ఇవ్వాలో తెలియడం లేదు. నీతో తగువాడినవాళ్ళు తర్వాత వచ్చి ఏమంటే నీ మనసుకి బాగుండేదో చెప్పు.

జవాబు ఉత్తరంలోనే రాయి. పెట్టె ముందు మంచు రోజూ తీస్తున్నాను.

నీ కూతురు