కోఠీ బస్సులో దొరికిన జవాబు

తార్నాక, హైదరాబాదు,
ఆదివారం రాత్రి.

ప్రియమైన సూర్యానికి,

దసరాకు ముందు నువ్వు రాసిన ఉత్తరానికి కార్తీకంలో జవాబు రాస్తున్నాను, క్షమించు. సాకులు చెప్పను. కప్ప కేసు నాటి నుంచి నా సాకులన్నీ నీకు కంఠస్థమే. ఇంటి సంగతులు ఒక్క గుక్కలో చెప్పేస్తాను: అమ్మ వేళ్ల వాపు కొంత తగ్గింది, చిన్నదానికి ముందుపళ్లు రెండూ ఊడాయి, ఇంటద్దె పెరిగింది, నా జీతం పెరగలేదు. ఇక అసలు విషయానికి వస్తాను. ఐదు రోజులుగా ఇది నా కడుపులో నిలవడం లేదు. మా ఆవిడకు చెప్పబోతే బియ్యం కడిగి వస్తానని లేచి వెళ్లి మళ్లీ రాలేదు.

పోయిన మంగళవారం డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు డీఎన్ఏ ప్రతికృతి పాఠం, అంటే కణం విభజన చెందే ముందు తన డీఎన్ఏకు నకలు తీసుకొనే పాఠం, చెబుతున్నాను. పదకొండేళ్లుగా చెబుతున్న పాఠం, నిద్రలో లేపినా చెప్పగలను, నిజానికి కొన్నిసార్లు నిద్రలోనే చెప్పాను. బోర్డు మీద ఎప్పటిలాగే డీఎన్ఏ రెండు పోచలూ గీసి, ఎదురెదురు దిక్కులకు బాణాలు పెట్టాను. హెలికేజ్ అనే ఎంజైము వాటిని జిప్పులా విడదీస్తుందని చెప్పి (మన జిప్పు గుర్తొచ్చి నవ్వు ఆపుకున్నాను, నువ్వు కూడా ఆపుకో), నకలు రాసే ఎంజైము పాలిమరేజ్ కొత్త అక్షరాన్ని (ఏ, టి, జి, సి అనే నాలుగు రసాయన అక్షరాల్లో ఒకదాన్ని) పోచకు 3 ప్రైమ్ అనే ఒక చివరకు మాత్రమే చేర్చగలదు కాబట్టి ఒక పోచ ఏకధాటిగా తయారవుతుంటే, రెండోది వెనక్కి వెనక్కి జరుగుతూ ముక్కలు ముక్కలుగా తయారవుతుందని వివరించాను. ఒకజాకీ ముక్కలు అనే ఆ ముక్కలు బాక్టీరియాలో వెయ్యి నుంచి రెండు వేల అక్షరాల పొడవుంటాయి, మన కణాల్లో వంద నుంచి రెండు వందలే. ప్రతి ముక్కకూ ముందుగా, రాత మొదలుపెట్టడానికి, ప్రైమర్ అనే చిన్న ఆర్ఎన్ఏ తునక ఒకటి వేయాలి, తరువాత దాన్ని తీసేయాలి, ఖాళీ పూడ్చాలి, చివరికి లైగేజ్ అనే ఎంజైము వచ్చి అతుకు వేయాలి.

అప్పుడు జహీరాబాద్ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక అమ్మాయి లేచి, ‘సార్, ఇంత అవస్థ ఎందుకు? రెండో దిక్కున రాసే ఎంజైము ఇంకొకటి ఉంటే సరిపోయేది కదా, ఇన్ని కోట్ల ఏళ్లలో అది ఎందుకు రాలేదు?’ అని అడిగింది.

ఆ క్షణంలో నా ఒంట్లో జరిగినదంతా తరువాతి అధ్యాయంలోని పాఠమే. అడ్రినలిన్ కణంలోకి అడుగు పెట్టకుండానే గుమ్మంలోని గ్రాహకాన్ని తట్టింది, లోపల ఆ కబురు అందుకొనే జీ ప్రోటీన్ మేలుకొంది, కబురును కణం లోపలికి మోసే సైక్లిక్ ఏఎంపీ పుట్టుకొచ్చింది, గుండె దడదడలాడింది. ఆ సైక్లిక్ ఏఎంపీ దాన్ని కనుగొన్న శాస్త్రవేత్త సదర్లాండ్‌కు 1971లో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది కానీ నాకు మాత్రం ఆ గుండెదడ తప్ప మరేమీ తేలేదు. ‘ఆ ఎంజైము స్వభావమే అంతమ్మా’ అన్నాను. ఆమె ‘సరే సార్’ అని కూర్చుంది. మూడో బెంచీలో కూర్చొని మనం ఎన్నిసార్లు అలా ‘సరే సార్’ అన్నామో, అన్నాక బయటికి వచ్చి ఏమనుకునేవాళ్లమో నీకు వేరే చెప్పనక్కరలేదు.

సాయంత్రం కోఠీలో బస్సెక్కాను. ముఖం చిన్నబోయి, మనసంతా ఆ ప్రశ్న దగ్గరే ఉంది. నా ముందు ఇద్దరు కుర్రవాళ్లు నిలబడ్డారు. విద్యానగర్ దాటాక వారిలో ఒకడు తప్పు బస్సు ఎక్కానని గ్రహించి గభాలున దిగిపోయాడు. రెండోవాడు జేబులు తడుముకున్నాడు. ఇద్దరి డబ్బులూ దిగిపోయినవాడి దగ్గరే ఉన్నాయి. ‘పైసలు ఆయన కాడ ఉన్నయంటే నేనేం జేయాలె?’ అంటున్నాడు కండక్టరు.

సూర్యం, నేను అక్కడే, ఆ రద్దీలోనే, ‘అదే!’ అని పైకి అనేశాను. పక్కనున్న పెద్దాయన నా బ్యాగు వంక చూసి కొంచెం దూరం జరిగాడు.

ఇప్పుడు జాగ్రత్తగా విను. పోచకు చేరవలసిన ప్రతి అక్షరమూ తన వెంట మూడు ఫాస్ఫేట్లు తెచ్చుకుంటుంది. వాటిలో రెండు విడిపోయినప్పుడు వచ్చే శక్తితోనే బంధం ఏర్పడుతుంది. అంటే ఎవరి టికెట్ డబ్బు వారే తెచ్చుకున్నట్టు. పొరపాటున తప్పు అక్షరం ఎక్కితే పాలిమరేజ్ దాన్ని కత్తిరించి దింపేస్తుంది. అయినా నష్టం లేదు, తరువాత వచ్చేవాడి డబ్బు వాడి జేబులోనే ఉంది. ఇప్పుడు రెండో దిక్కున రాసే ఎంజైము ఒకటి ఉందనుకో. అక్కడ మూడు ఫాస్ఫేట్లు పెరుగుతున్న పోచ చివరనే ఉండాలి, అంటే ముందు ఎక్కినవాడు తన వెనకాల ఎక్కబోయేవాడి టికెట్టుకు డబ్బు పట్టుకొని నిలబడాలి. తప్పుగా ఎక్కినవాణ్ణి దింపేశావా, డబ్బు వాడితోనే పోతుంది. వాడికి ముందున్నవాడు తన డబ్బు వాడి టికెట్టుకే ఖర్చు పెట్టేశాడు. ఇక ఆ చివరకు ఎవరూ చేరలేరు, పోచ అక్కడే ఆగిపోతుంది. ఆ ముక్కలూ ప్రైమర్లూ అతుకులూ అన్నీ తప్పు దిద్దుకొనే వీలు కోసం చెల్లిస్తున్న ధర! నువ్వు విశాఖలో ఆ మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో కూర్చొని చేస్తున్న పనే ఇదీ, కాకపోతే నీ తనిఖీ బ్యాచ్ అయ్యాక, దాని తనిఖీ అక్షరం అక్షరానికీ.

ఇంటికి వచ్చి పుస్తకం తీశాను. సిగ్గుపడవలసిన సంగతి ఏమిటంటే, ఈ కారణం నా సొంత పుస్తకంలోనే, నేను పదకొండేళ్లుగా తిప్పేస్తున్న పేజీలోనే, బొమ్మతో సహా ఉంది. ఆ బొమ్మ పరీక్షలో రాదని ఎప్పుడో పెన్సిలుతో అడ్డంగా ఒక గీత కూడా గీసి ఉంచాను.

కాసేపు ఆపాను. ఆదివారం కదా, అమ్మకు వారపు మాత్ర ఇచ్చి వచ్చాను. అదేమిటో నీకు చెప్పలేదనుకుంటాను, మెథోట్రెక్సేట్. నువ్వు వెంటనే మీసం తిప్పుతావని తెలుసు. మీ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన మందుల కుటుంబమే అది. పెద్ద మోతాదులో ఇస్తే ప్రతికృతికి కావలసిన టి అక్షరం సరఫరానే ఆగిపోతుంది. కేన్సరు కణాలను ఆపేది అందుకే. అమ్మకు వేళ్ల వాపుకు ఇచ్చేది చిన్న మోతాదు, అదీ వారానికి ఒక్కసారే, నడుమ ఫోలిక్ ఆమ్లం మాత్రతో. ఆ ఫోలిక్ ఆమ్లం కథలోనూ మీవాడే ఉన్నాడు, ఒప్పుకుంటున్నాను, ఇక పొంగిపోకు.

మరునాడు క్లాసులో ముందుగా ‘నిన్న నాకు జవాబు తెలియక అలా అన్నాను’ అని చెప్పి, తరువాత బస్సు కథ చెప్పాను. జహీరాబాద్ అమ్మాయి నిశ్శబ్దంగా విని, ‘సార్, మా ఆడపిల్లలకు బస్సులో జీరో టికెట్ కదా, మరి మేము ఏ దిక్కునైనా ఎక్కవచ్చా?’ అంది. క్లాసంతా గొల్లుమంది. ఉచిత ప్రయాణానికి కూడా ఎవరో ఒకరు శక్తి పెట్టాలమ్మా అని ఏదో అన్నాను కానీ, గెలిచింది తనే.

ఆ ఊపులో లెక్క కూడా వేయించాను. మనిషి కణం ఒక్కసారి విభజన చెందాలంటే 600 కోట్లకు పైగా అక్షర జతల నకలు తీయాలి. పాలిమరేజ్ దిద్దుకోకుండా రాస్తే లక్షకు సుమారు ఒక తప్పు, అంటే 60,000 తప్పులు. అక్కడికక్కడే దిద్దుకుంటే కోటికి ఒకటి, అంటే 600. ఆ తరువాత సరిజోడీ కాని అక్షరాలను వెతికి సరిచేసే ఇంకొక దళం వస్తుంది, దానితో వంద కోట్లకు ఒకటి. అంటే ఆరు! మా కాలేజీ మార్కుల జాబితాలో ఒక్క పేజీకి అంతకంటే ఎక్కువ ఉంటాయి.

ఒక మాట చెప్పాలా వద్దా అని తటపటాయిస్తున్నాను. పిల్లలకు ఒకజాకీ ఎవరో చెబుదామని, ఇన్నేళ్లలో మొదటిసారి, ఆయన గురించి చదివాను. నేను ఒక్కరే అనుకున్నాను, ఇద్దరు. రెయిజీ, త్సునెకో అనే భార్యాభర్తలు, నగోయా విశ్వవిద్యాలయంలో 1960లలో ఆ ముక్కలను పట్టుకున్నారు. రెయిజీ కుర్రతనంలో హిరోషిమాలో అణుబాంబు కిరణాల పాలై, 1975లో రక్తకేన్సరుతో 44 ఏళ్లకే పోయాడు. ఆ పనిని ఆమె కొనసాగించింది. ప్రతికృతి గుట్టు విప్పిన మనిషి కణాలే ప్రతికృతిలో అదుపు తప్పడం... ఈ వాక్యం పూర్తి చేయడం నా వల్ల కావడం లేదు. క్లాసులో కూడా కాలేదు. గడియారం చూసినట్టు నటించి బోర్డు తుడిచాను.

నిద్ర వస్తోంది. మిగిలింది రేపు.

సోమవారం, స్టాఫ్ రూము. పది నిమిషాలే ఉన్నాయి. ఆ అమ్మాయి పొద్దున్నే మెట్ల దగ్గర నిలబెట్టి ఇంకొక ప్రశ్న వేసింది: ‘సార్, ముక్కల పోచలో అన్నిటికంటే చివరి ప్రైమర్ తీసేశాక ఆ ఖాళీని ఎవరు పూడుస్తారు? ముందు నుంచి రావడానికి అక్కడ ఇంకో ముక్క ఉండదు కదా!’ ఈసారి గుండె దడదడలాడలేదు, ఎందుకంటే ఇది నాకు తెలుసు. ఎవరూ పూడ్చరు, అందుకే ప్రతి విభజనలోనూ కొంచెం పొడవు తరుగుతుంది. మన క్రోమోజోముల కొసల్లో టీటీఏజీజీజీ అనే ఆరక్షరాల మాట వేల సార్లు వరసగా రాసి ఉండేది ఆ తరుగుదల కోసమే. అయితే బీజకణాల్లో టెలోమరేజ్ అనే ఎంజైము తన ఆర్ఎన్ఏ మూసను తానే సంకలో పెట్టుకొని వచ్చి... గంట కొట్టారు. అటెండరు అటెండెన్సు రిజిస్టరుతో గుమ్మంలో నిలబడ్డాడు. నిమ్మకాయల బాకీ సంగతి మరిచిపోలేదని మీ అన్నయ్యకు చెప్పు.

నీ,
ప్రసాదు