మత్తు డాక్టర్ మేడమ్‌కి మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు

సింహాద్రి అప్పన్న దయవల్ల మాకు పాప పుట్టింది. ఇద్దరం క్షేమం. ఫోన్ చేసినవాళ్లందరూ ఆపరేషన్ ఎవరు చేశారని అడుగుతున్నారు. ఆ డాక్టరమ్మకి చేతులెత్తి మొక్కుతాం. ఈ పోస్టు మాత్రం ఎవరూ అడగని మత్తు డాక్టర్ మేడమ్ కోసం. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

పాప గుండె వేగం తగ్గుతోందని అప్పటికప్పుడు సిజేరియన్ అన్నారు, నడుములో సూదితో మత్తు ఇస్తామన్నారు. గాజువాక నుంచి వచ్చిన మా అత్తయ్య గారు "నడుముకి సూదంటే జీవితాంతం నడుంనొప్పే, స్పృహ లేకుండా మొత్తం మత్తు ఇచ్చేయండి" అని పట్టుబట్టారు. అంత తొందరలోనూ మేడమ్ ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పారు: "అమ్మా, మొత్తం మత్తు ఇస్తే ఊపిరి కోసం గొంతులో గొట్టం వెయ్యాలి. నెలలు నిండినవాళ్లకి గొంతులో వాపు ఉంటుంది, గొట్టం వెయ్యడం కష్టం కావచ్చు. కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఎక్కువ. నడుములో ఇస్తే బిడ్డకి చేరే మందు కూడా చాలా తక్కువ. సూది వెన్నుపాము ముగిసిన చోటికి కిందే దిగుతుంది. గుచ్చిన చోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు, అంతే." బీపీ పడిపోవచ్చని, కొందరికి తర్వాత తలనొప్పి వస్తుందని కూడా దాచకుండా చెప్పారు. నాకు ధైర్యం వచ్చింది అక్కడే.

మందు ఎక్కగానే కాళ్లు వెచ్చబడి బరువెక్కాయి. స్పిరిట్ దూది భుజానికి తాకిస్తే చల్లగా తగిలింది, పొట్ట మీద ఏమీ తెలియలేదు. దూదిని కొంచెం కొంచెం పైకి జరుపుతూ, ప్రతిచోటా నన్ను అడిగి, ఛాతీ దాకా సరిపోయిందని తేల్చుకున్నాకే "ఇక మొదలుపెట్టండి" అన్నారు. కాసేపటికి వికారం, కళ్లు తిరగడం. నేను నోరు తెరిచేలోపే మానిటర్ చూసి "బీపీ తగ్గింది, మందు ఇస్తున్నా, భయపడకు తల్లీ" అన్నారు. నిమిషాల్లో సర్దుకుంది. లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలిసింది గానీ నొప్పి లేదు. పాప తొలి ఏడుపు నా చెవులతో నేను విన్నాను. ఆపరేషన్ అయ్యేదాకా మేడమ్ నా తల దగ్గర నుంచి కదల్లేదు. మర్నాడు వార్డుకి వచ్చి తలనొప్పి ఉందా, కాలివేళ్లు కదులుతున్నాయా అని చూసి వెళ్లారు.

విశాఖలో డెలివరీ దగ్గరపడిన చెల్లెళ్లందరికీ ఒక మాట. వీలైతే ముందే మత్తు డాక్టర్‌ని కలవండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, ఇంతకుముందు మత్తు ఇచ్చినప్పుడు ఇబ్బంది అయినా తప్పకుండా చెప్పండి. రక్తం గడ్డకట్టడంలో తేడా ఉంటే నడుములో ఇవ్వకపోవచ్చు, అలాంటప్పుడు మొత్తం మత్తే మేలు కావచ్చు. చివరిసారి ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో దాచకండి.

మేడమ్, పాప బారసాలకి మీరు రావాలి. పిలవడానికి అత్తయ్య గారే స్వయంగా వస్తానంటున్నారు.