ఆ జలుబు పొడి వ్యాసానికి సవరణ వెయ్యండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ ఆరోగ్యం పేజీలో చైనా మూలికల మీద వ్యాసం వేశారు కదా, దాని గురించే ఈ లేఖ. చదివిన రోజే రాద్దామనుకున్నా, డ్యూటీల్లో కుదర్లేదు, నిన్న మా మేనత్త తెనాలి నుంచి ఫోన్ చేశాక మాత్రం ఇంక ఆగలేకపోయాను. "ఏమే, నువ్వు అక్కడే చదివావు కదా, జలుబుకి ఆ పొడి ప్యాకెట్లు తెప్పించి పెట్టవే, అన్నీ ఆకులూ పూలేనంట, సైడ్ ఎఫెక్ట్సే ఉండవంట, పేపర్లో వేశారు" అంది. ఆవిడకి డెబ్భై దాటాయి, బీపీ మాత్రలు వాడుతుంది, మోకాళ్ళ నొప్పులకి పారాసెటమాల్ 650 కూడా వేసుకుంటుంది.

మీరు అంత మెచ్చుకున్న ఆ గన్‌మావ్‌లింగ్ పొడి వట్టి ఆకులూ పూలూ కాదండీ. పది గ్రాముల ప్యాకెట్లో మూలికలతో పాటు 200 మిల్లీగ్రాముల పారాసెటమాల్, 4 మిల్లీగ్రాముల క్లోర్‌ఫెనిరమైన్ (ముక్కు కారడం ఆపే, నిద్ర తెప్పించే మందు), కొంచెం కెఫీన్ కలిపి ఉంటాయి. ఇదేం రహస్యం కాదు, ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది, కాకపోతే చైనా లిపిలో. పారాసెటమాల్‌ని వాళ్ళు 'దుయ్ యీ షియెన్ ఆన్ జీ ఫెన్' అంటారు, ఆరు అక్షరాలు. ఆ ఆరు అక్షరాలు చదవడం రాకే నేను దెబ్బతిన్నాను.

2013 నుంచి 2019 దాకా చైనాలోని గ్వాంగ్‌జౌలో ఎంబీబీఎస్ చదివాను. రెండో ఏడాది చలికాలంలో రొంప పట్టి జ్వరం వస్తే హాస్టల్ పక్క మందుల షాపులో ఈ ప్యాకెట్లే ఇచ్చారు. గోధుమరంగు పొడి, వేడినీళ్ళలో కలిపితే బెల్లం నీళ్ళలా తియ్యగా ఉంటుంది, కషాయమే కదా అని రోజుకి మూడు తాగాను. దాని మీద అమ్మ సర్దిచ్చిన డబ్బాలోంచి పారాసెటమాల్ 650 ఒకటి, రాత్రికి నిద్ర తెప్పించే జలుబు మాత్రే, సెట్రిజిన్ ఒకటి. మర్నాడు మధ్యాహ్నం దాకా మెలకువ రాలేదు, ప్రాక్టికల్ పరీక్ష పోయింది. మా క్లాసులో ఉన్న చైనా అమ్మాయి వచ్చి ప్యాకెట్ వెనక వేలు పెట్టి ఒక్కో పేరూ చదివి చెప్తే అప్పుడు తెలిసింది, నిద్ర తెప్పించే మందు మీద అలాంటి మందే, జ్వరం మందు మీద జ్వరం మందు వేసుకున్నానని. నాకు వయసుంది కాబట్టి నిద్రతో పోయింది. రోజూ మద్యం తాగేవాళ్ళకీ, లివర్ జబ్బున్నవాళ్ళకీ ఈ పారాసెటమాల్ లెక్క తప్పితే చాలా పెద్ద విషయం.

చైనా వైద్యాన్ని తిట్టడానికి ఇది రాయట్లేదు, నాకు దాని మీద గౌరవం ఉంది, అందుకే మరీ బాధగా ఉంది. వాళ్ళు జలుబంతా ఒకటే అనరు. చలిగాలి తగిలి వణుకొచ్చే జలుబు వేరు, గొంతు మండి ఒళ్ళు కాలే జలుబు వేరు. మొదటిదానికి దాదాపు 1800 ఏళ్ళ కిందటి వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ చెప్పిన కషాయం ఒకటుంది, దాల్చిన కొమ్మలు, అల్లం, రేగిపళ్ళు, అతిమధురం, ఇంకో వేరు వేసి కాచి తాగి, పైన వేడి వేడి జావ తాగి, దుప్పటి కప్పుకుని కొద్దిగా చెమట పట్టనివ్వాలి. రెండోదానికి 1798లో వూ జుతోంగ్ అనే వైద్యుడు రాసిన ఇన్‌చియావ్ పొడి, అందులో హనీసకుల్ పూలు, ఫోర్సిథియా కాయలు, పుదీనా ఉంటాయి. దాన్ని ఎక్కువసేపు మరిగించొద్దని, వాసన గుప్పుమనగానే దించెయ్యాలని ఆయనే చెప్పాడు. మీ వ్యాసంలోనేమో గంటసేపు కాచి సగానికి దించమన్నారు! అది మన శొంఠి కషాయం పద్ధతి. ఆ ఇన్‌చియావ్ పేరుతోనే విటమిన్ సి కలిపి అమ్మే మాత్రల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది, ఆ మాట మీ వ్యాసంలో ఎక్కడా లేదు.

ఇక మాహువాంగ్. పుదీనా పక్కనే కామా పెట్టి రాసేశారు, అది ఎఫెడ్రిన్ ఉండే మొక్కండీ, గుండెదడ వస్తుంది, బీపీ పెరుగుతుంది. అమెరికాలో 2004లోనే దాన్ని ఫుడ్ సప్లిమెంట్లలో వాడకూడదని నిషేధించారు. మా అత్తలాంటి వాళ్ళు చదివే పేజీలో అలా ఎలా వేశారు? నోబెల్ ప్రైజ్ వచ్చింది కాబట్టి చైనా మూలికలు జలుబుకి పనిచేస్తాయన్నారు, 2015లో చైనా శాస్త్రవేత్త తు యూయూ గారికి ప్రైజ్ వచ్చింది మలేరియా మందుకి. ఒక మొక్కలోంచి ఈథర్‌తో మందు తీసి, పరీక్షలు చేసి, ముందు తన ఒంటి మీదే వాడి చూసుకున్న మనిషి ఆవిడ. జలుబుకీ దానికీ సంబంధం లేదు.

గ్వాంగ్‌జౌలో వీధి వీధికీ లియాంగ్‌చా కొట్లు ఉంటాయి, నల్లటి చేదు కషాయం గ్లాసుల్లో పోసి ఇస్తారు. మనం 'వేడి చేసింది' అన్నట్టే అక్కడివాళ్ళు 'యిత్‌హేయ్' అంటారు, వినగానే మా నాయనమ్మ గుర్తొచ్చేది. అలాంటి సంగతులు రాస్తే ఎంత బాగుండేది. ఇప్పుడు ఆరోగ్యం పేజీలు చూస్తుంటే ఏదో వీడియో చూసి దింపినట్టే ఉంటున్నాయి, ఒక్క డాక్టర్నో ఒక్క ఫార్మసిస్టునో అడిగి వేస్తున్నట్టు లేదు. 2021 మేలో ఆనందయ్య కరోనా మందు కోసం కృష్ణపట్నం దారి నిండా జనం నిలబడిన రోజులు మనం మర్చిపోయామా, ముందు జనం వెళ్ళారు, పరీక్షల మాట తర్వాత వచ్చింది.

మందుల శాఖ ఆఫీసర్లకీ ఒక మాట. చైనా లేబుల్ చదవలేకపోయామంటే అర్థం ఉంది, మన ఊళ్ళో తయారైన మందు మీద తెలుగు ఎందుకుండదు? షాపులో నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తారు, పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది, నా దగ్గరికొచ్చే పెద్దవాళ్ళు అరచేతిలో ఆ వెండి ముక్క పట్టుకుని "ఇదేం మాత్రమ్మా" అని అడుగుతారు. దాన్ని చూసి నేను మాత్రం ఏం చెప్పగలను?

దయచేసి అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో, ఆ పొడిలో పారాసెటమాల్ ఉందని వెయ్యండి. నా పాత సామాన్లలో ఒక ఖాళీ ప్యాకెట్ ఇంకా ఉంది, ఆ ఆరు అక్షరాల కింద గీత గీసి ఫొటో ఈ లేఖతో పాటే పంపుతున్నాను.

ఇట్లు,
ఒక డాక్టరు, గుంటూరు