ఆన్‌లైన్ పందేలు: పిల్లల పక్కన కూర్చుని వేయాల్సిన లెక్కలు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల టైమ్‌టేబుల్, సెలవుల వివరాలు వెనక పేజీలో ఉన్నాయి. ఈ లేఖ మొత్తం ఫోన్‌లో ఆడే జూదం గురించే. "జూదం చెడ్డది" అంటే పదహారేళ్ల పిల్లలు తలూపి ఊరుకుంటారు. చెడిపోయేది తెలివిలేనివాళ్లే, మేం చూసుకుని ఆడతాం అన్నది వాళ్ల ధీమా. ఆ ధీమాను తిట్లు కదిలించలేవు గానీ లెక్క కదిలిస్తుంది. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

మీట నొక్కగానే తెర మీద బొమ్మలు తిరిగి, ఒక వరసలో ఒకే రకం బొమ్మలు పడితే డబ్బు ఇచ్చేవి స్లాట్ ఆటలు. వాటి వివరాల్లో "96 శాతం తిరిగి వస్తుంది" లాంటి మాట కనిపిస్తుంది. వంద వేస్తే పోయేది నాలుగే కదా అని కొత్తవాళ్లు అనుకుంటారు. ఆ శాతం ఖాతాలో వేసిన డబ్బు మీద కాదు, కాసిన ప్రతి పందెం మీద. వచ్చిన డబ్బు మళ్లీ పందెంలోకే పోతుంది. ఒక్కో ఆటకు 6 సెకన్లు పడితే గంటకు 600 ఆటలు. ఆటకు 1 చొప్పున కాస్తే గంటలో కాసిన మొత్తం 600, అందులో 4 శాతం 24. అంటే ఖాతాలో వేసిన వందలో దాదాపు పావు వంతు ఒక్క గంటలో ఆవిరి. ఇది సగటు మాత్రమే. ఒకరి ఖాతా పది నిమిషాల్లో ఖాళీ అవుతుంది, ఇంకొకరిది కాసేపు రెట్టింపు అవుతుంది. మేం ఎక్కువ భయపడేది ఆ రెండోవాళ్ల గురించే. మొదటి వారంలో గెలిచినవాళ్లు దాన్ని అదృష్టం అనుకోరు, తమ నైపుణ్యం అనుకుంటారు. మర్నాటి పందెం పెద్దదవుతుంది.

స్లాట్ ఆడేవాళ్ల వీడియోలు మీ పిల్లలు చూస్తుంటే ఒకసారి పక్కన కూర్చోండి. శబ్దం తీసేయించి, స్క్రీన్ మూలన ఉండే బ్యాలెన్స్ అంకెను మాత్రమే చూడమనండి. 20 వరసల మీద ఒక్కొక్కటి చొప్పున 20 కాస్తే, రెండు వరసలు కలిసి 6 వస్తుంది. నాణేలు రాలతాయి, రంగులు మెరుస్తాయి, "గెలిచారు" అని పెద్ద అక్షరాలు పడతాయి. బ్యాలెన్స్ మాత్రం 14 తగ్గి ఉంటుంది. శబ్దం లేకుండా ఐదు నిమిషాలు చూస్తే చాలు, ఆ సంబరంలో ఎంత భాగం ఓటమికే జరుగుతోందో పిల్లలే పట్టేస్తారు.

లెక్కల్లో చురుకైన పిల్లలు పడే గుంట వేరు. ఓడిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేస్తే ఎప్పుడో ఒకప్పుడు గెలిచి అంతా రాబట్టుకోవచ్చని వీడియోల్లో చెబుతారు. 1, 2, 4, 8 అని వేసుకుంటూ పొండి. వరసగా పదిసార్లు ఓడితే పోయింది 1023. పదకొండో పందెం 1024 కాయాలి, అది గెలిచినా మిగిలే లాభం 1. చాలా చోట్ల అంతకు ముందే పందెం పరిమితి అడ్డొస్తుంది. రూలెట్ అంటే తిరిగే చక్రంలో బంతి ఏ గడిలో పడుతుందో పందెం కాసే ఆట. 37 గళ్ల చక్రంలో ఎరుపు 18, నలుపు 18, సున్నా ఒకటి. రంగు మీద కాస్తే ఓడే గళ్లు 19. పది వరస ఓటములు సుమారు 780 ప్రయత్నాల్లో ఒకసారి వస్తాయి. రాత్రంతా ఆడేవాడికి అది దూరపు మాట కాదు. 1913లో మాంటె కార్లో క్యాసినోలో బంతి వరసగా 26 సార్లు నలుపులో పడింది. ఇక ఎరుపు రాక తప్పదని కాసినవాళ్లంతా మునిగిపోయారు. చక్రానికి పాత ఆట గుర్తుండదు.

"చేరగానే 100 ఉచితం" అన్న బోనస్‌నూ ఇలాగే విప్పి చూడండి. దాన్ని 30 రెట్లు ఆడాకే డబ్బు తీసుకోవచ్చని షరతు ఉంటే 3000 పందెం కాయాలి. 4 శాతం చొప్పున సగటున పోయేది 120. ఉచితంగా ఇచ్చింది 100.

మ్యాచ్ ఫలితం ముందే చెబుతామనే మెసేజ్ గ్రూపుల కిటుకు ఇంకా సులువు. 1024 మందిలో సగానికి ఒక జట్టు గెలుస్తుందని, మిగతా సగానికి రెండో జట్టు గెలుస్తుందని పంపుతారు. తప్పు జోస్యం చేరినవాళ్లను వదిలేసి మిగిలినవాళ్లను మళ్లీ సగం చేస్తారు. ఐదు మ్యాచ్‌లయ్యేసరికి 32 మంది దగ్గర ఐదుకు ఐదూ నిజమైన జోస్యాలుంటాయి. ఆరోదానికి డబ్బు అడిగేది ఆ 32 మందినే.

చిన్న తరగతుల పిల్లలకు దారి ఆటల్లోని లూట్ బాక్సుల నుంచి మొదలవుతుంది. లోపల ఏముందో తెలియకుండా డబ్బు పెట్టి తెరిచే పెట్టెలవి. వీటిలో కొన్ని జూదం కిందికే వస్తాయని బెల్జియం నియంత్రణ సంస్థ 2018లోనే తేల్చింది.

ఇక ఫోన్ సంగతి. స్టోర్‌లో లేని యాప్‌లను లింకు ద్వారా వేసుకునే అనుమతిని సెట్టింగ్స్‌లో ఆపేయండి. అలా వచ్చిన యాప్‌కు మెసేజ్‌లు చదివే అనుమతి ఇస్తే ఓటీపీలూ దాని చేతికి పోతాయి. కార్డు వివరాలు ఫోన్‌లో సేవ్ చేసి ఉంచకండి, ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పెద్ద మొత్తాల కన్నా, గంట వ్యవధిలో ఒకే చోటికి పోయిన చిన్న చిన్న మొత్తాలను వెతకండి. "నీ ఖాతా వాడుకోనివ్వు, కమీషన్ ఇస్తాం" అని ఎవరైనా పిల్లలను అడిగారంటే వెంటనే జాగ్రత్తపడాలి. దొంగ సొమ్ము అలాంటి ఖాతాల మీదుగానే కదులుతుంది, కేసు ఖాతాదారు మీదికి వస్తుంది.

డబ్బు ఇప్పటికే పోయిందని తెలిస్తే ఫోన్ లాక్కోవడంతో మొదలుపెట్టకండి. ముందు ఎవరికి ఎంత బాకీ ఉందో అడగండి. మొదట చెప్పే అంకె సాధారణంగా అసలు దానికన్నా తక్కువే ఉంటుంది, కోప్పడితే రెండో అంకె ఎప్పటికీ బయటికి రాదు. అప్పు తీర్చాల్సి వస్తే పిల్లల చేతికి డబ్బు ఇవ్వకుండా మీరే నేరుగా కట్టండి. పోయినదాన్ని తిరిగి గెలుద్దామన్న ఆరాటమే చేతిలోని కొత్త డబ్బును మింగుతుంది. ఖాతా మూసేముందు లావాదేవీల స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. పోయిన డబ్బు రప్పిస్తామని ఫీజు అడిగేవాళ్లు రెండో విడత మోసగాళ్లు. అప్పిచ్చినవాళ్లు బెదిరిస్తే పోలీసులకు చెప్పండి.

జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతల జాబితాలో చేర్చింది. దానికి చికిత్స ఉంది. నిద్ర పట్టక, తిండి మానేసి, "నేను లేకపోతేనే మేలు" లాంటి మాట పిల్లల నోట వస్తే ఒంటరిగా వదలకండి, ఆ రోజే వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

పై లెక్కలను 9, 10 తరగతుల పిల్లలతో సంభావ్యత పాఠంలో చేయిస్తున్నాం. నోట్‌బుక్ ఇంటికి వచ్చినప్పుడు రెట్టింపు పందెం లెక్కను మీకు వివరించమని అడగండి. ఇంట్లో సమస్య ఉంటే క్లాస్ టీచర్‌తో గానీ నేరుగా నాతో గానీ మాట్లాడండి. ఆ మాట విద్యార్థి రికార్డులోకి ఎక్కదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు